కూర్చుండి చేసిన సేవ: డాక్టర్ మేరీ వర్గీస్ గారి జీవితము

చదువవలసిన భాగము: నిర్గమకాండము 17:8–13

అమాలేకీయులతో యుద్ధము జరిగిన దినమున మోషే కొండమీద చేతులెత్తి నిలిచియుండెనని మనమెరుగుదుము. ఈ భాగముపై ప్రసంగించువారు అహరోను, హూరు అను ఇరువురు ఆయన చేతులను ఆదుకొనుటను గూర్చియే తరచుగా చెప్పుదురు. దానికి ముందు జరిగిన చిన్న పని ఒకటున్నది. ఆయన నిలువలేకపోగా, కూర్చుండుటకు వారొక రాతిని మోసికొనివచ్చి అమర్చిరి. అలసినవాడు ఈ పనికి తగడని ఎవరును ఆయనను కొండ దింపలేదు. పని అదియే, పనివాడును ఆయనే. మారినది ఆసనము మాత్రమే. ఈ నెల ఆ రాతిని మనస్సులో నుంచుకొని, వేలూరులో చక్రాల కుర్చీలో కూర్చుండి శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ గారి చరిత్ర చెప్పుచున్నాము.

కొడవలూరు ప్రాంతమువారికి వేలూరు క్రొత్త ఊరు కాదు. నెల్లూరులో రైలెక్కి, గూడూరు, రేణిగుంట మీదుగా కాట్పాడిలో దిగి, ఆ పెద్దాసుపత్రికి పోయి వచ్చినవారు మన పల్లెలలో ఎందరో యున్నారు. చిత్తూరు సీమ దగ్గరనే యుండుటచేత అక్కడ తెలుగు మాట వినబడుట వింత కాదు. 1900లో ఒక్క మంచముతో ఆ వైద్యసేవను ఆరంభించిన ఐడా స్కడ్డర్ దొరసానిగారి పేరు మన పెద్దలకు బాగుగా తెలియును. ఆమె 1918లో స్త్రీల కొరకు స్థాపించిన వైద్య పాఠశాలయే పెరిగి క్రైస్తవ వైద్య కళాశాల ఆయెను.

మేరీ వర్గీస్ గారు 1925లో కొచ్చిలో, కలిమిగల క్రైస్తవ కుటుంబమందు జన్మించిరి. తండ్రిగారు సంఘములోను ఊరిలోను పెద్దమనిషి. మేరీగారు వేలూరులో చదివి 1952లో వైద్య పట్టము పొందిరి. స్త్రీల వైద్యమందు ప్రవీణత సంపాదించవలెనని ఆమె కోరిక. ఆ కాలమున మన దేశమందు వేలకొలది తల్లులు కాన్పులలో చనిపోవుచుండిరి గనుక, ఆ కోరికలో తప్పేమియు లేదు. చక్కని చదువు, యౌవనము, ఎదుట తెరచియున్న తలుపు.

1954 జనవరి 30వ తేదీన తోటి వైద్యులతో కలిసి ఆమె కారులో ప్రయాణము చేయుచుండిరి. ముందు పోవుచున్న బస్సును దాటబోయిన ఆ కారు మైలురాతికి కొట్టుకొని బోర్లపడెను. ఆమె ముఖమునకు పెద్ద గాయమయ్యెను. దానికంటె ఘోరమైనది కంటికి కనబడని గాయము: వెన్నెముక లోపలి నరము దెబ్బతిని, నడుము క్రింది భాగమంతయు చచ్చుబడెను. చెంప గాయము మానెను. కాళ్లలోనికి కదలిక మరి రాలేదు.

వెన్ను దెబ్బ యనగా ఏమో మన పల్లెలవారికి చెప్పనక్కరలేదు. తాటిచెట్టు మీదనుండి పడినవారు, మిద్దె పనిలో పరంజి విరిగి పడినవారు, ఇప్పుడైతే మోటారు సైకిళ్లమీదనుండి పడినవారు, ఏ తాలూకాలో లేరు? కాళ్లు కదలకపోవుట అందులో ఒక భాగమే. స్పర్శ లేని చర్మము ఒకే వైపున గంటలకొలది ఒత్తుకొనిన యెడల కుళ్లి పుండగును. మూత్రము తనంతట తాను వెడలదు. నిలిచిన మూత్రము మూత్రపిండములను చెరచును. రెండవ ప్రపంచ యుద్ధమునకు ముందు ఇట్టివారిలో అధికులు కొలది కాలములోనే పుండ్లవలనను మూత్రరోగమువలనను మరణించుచుండిరి. రెండు గంటలకొకసారి రోగిని ప్రక్కకు తిప్పుట, మూత్రమార్గమును శుభ్రముగా కాపాడుట అను సామాన్యమైన పనులే వారి ఆయుస్సును పెంచెను. మేరీగారు ఈ బాధలన్నియు తమ దేహమందే నేర్చుకొనిరి. అనేక శస్త్రచికిత్సలకు లోనై, నెలల తరబడి పరుండి, తుదకు కుర్చీలో నిటారుగా కూర్చుండగలిగిరి.

అయితే కూర్చుండి చేయునదేమి? వైద్యురాలిగా తన పని ముగిసెనని ఆమె తలంచుట సహజమే. ఇక్కడ పాల్ బ్రాండ్ అను వైద్యుని సంగతి చెప్పవలెను. ఆయన 1914లో తమిళ దేశపు కొల్లి కొండలలో మిషనరీ తలిదండ్రులకు పుట్టి, లండనులో శస్త్రవైద్యము చదివి, 1946లో వేలూరు వచ్చిరి. కుష్ఠు వ్యాధివలన వ్రేళ్లు ముడుచుకొని పోయిన చేతులను చూచి, పని చేయుచున్న కండరపు కొసను మరియొక చోటికి మార్చి కుట్టి, ఆ వ్రేళ్లను మరల తెరచునట్లు చేయు పద్ధతిని వృద్ధిచేసిరి. చేతులు బాగుపడెను. అంతట అనుకొనని చిక్కు వచ్చెను. ముడుచుకొనిన చేతికి భిక్షము పడుచుండెను. తిన్నని చేతికి భిక్షమును లేదు, పనియును లేదు! చేయి బాగుచేసి మనుష్యుని వీధిలో విడిచిపెట్టుట సగము వైద్యమేనని గ్రహించి, బ్రాండ్ గారు 1951లో నవజీవ నిలయము అను చిన్న కేంద్రమును కట్టించి, వడ్రంగము మొదలగు పనులు నేర్పించిరి.

అక్కడ కనుగొనిన సంగతి మాకు మిక్కిలి నచ్చినది. స్పర్శ లేని చేతితో పనిముట్టును పట్టువాడు ఎంత గట్టిగా పట్టుచున్నాడో తనకు తెలియదు. సన్నని పిడి అరచేతిని కోయును. నొప్పి లేదు గనుక అతడు ఆపడు. పిడిని లావుగాను నునుపుగాను చేసి, ప్రతి సాయంకాలము చేతులను కన్నులతో పరీక్షించుకొను అలవాటు నేర్పిన యెడల, ఆ మనుష్యుడే ఆ పనినే గాయములేక చేయగలడు. పనివానిని పనికి తగినట్లు మార్చవలెనని పట్టుబట్టక, పనిముట్టును పనివానికి తగినట్లు మార్చిరి.

ఈ బ్రాండ్ గారే మేరీగారిని ప్రోత్సహించి, చేతుల శస్త్రచికిత్స నేర్చుకొనుడని పురికొల్పిరి. ఆలోచించి చూడుడి. కడుపు కోసి చేయు శస్త్రమునకు వైద్యుడు గంటలకొలది నిలిచియుండవలెను. చేతి శస్త్రము అట్టిది కాదు. రోగి చేతిని బల్లమీద చాచియుంచగా, నడవగలిగిన వైద్యుడును కూర్చుండియే సన్నని పని చేయును. అక్కడ కావలసినది కన్ను, వ్రేలు, ఓర్పు. అవి మూడును మేరీగారికి చెక్కుచెదరకుండ ఉండెను. కాళ్లు అడుగని పనిలో కాళ్లు లేవను కొరత ఎక్కడిది? ఆమె కుష్ఠురోగుల చేతులమీద శస్త్రము చేయ మొదలిడిరి. తమకు వైద్యము చేయువారు చక్రాల కుర్చీలో వచ్చుట చూచిన ఆ రోగుల మనస్సులో ఏమి పుట్టియుండునో మీరే ఊహించుడి. లోకము విసర్జించినవారు వారు. లోకము జాలిపడి ప్రక్కన పెట్టబోయినది ఆమెను.

ఆమెను గూర్చి వ్రాయువారు అనేకులు ధైర్యమునే పొగడుదురు. ధైర్యము నిజమే. కాని ధైర్యము మెట్లెక్కలేదు. కుర్చీ పట్టునంత వెడల్పైన తలుపు, మెట్లకు బదులు వాలుదారి, ఆమెకు పని అప్పగించుటకు ఒప్పుకొనిన పెద్దలు: ఇవి లేనిచో ఆ ధైర్యము గదిలోనే మగ్గిపోవును. వాలుదారికి ఒక లెక్క యున్నది. తెలియనివారి కొరకు చెప్పుచున్నాము. ఒక అడుగు ఎత్తునకు పన్నెండడుగుల పొడవు కావలెను. ఆరంగుళముల మెట్లు మూడున్న గుడికి పదునెనిమిది అడుగుల వాలు వేయవలెను. అంతకంటె నిటారుగా కట్టినది సిమెంటు బస్తాల లారీకి పనికివచ్చునేమో గాని, చేతులతో చక్రములు త్రిప్పుకొనువానికి కొండయే. తలుపు మూడడుగుల వెడల్పు ఉన్న చాలును.

పిమ్మట 1950 దశకపు చివరను ఆమె ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమునకు పోయి, తమ దేహమునకు చికిత్స పొందుటయే గాక, వెన్ను దెబ్బ తగిలినవారిని తిరిగి బ్రదుకునకు సిద్ధపరచు విద్యను చూచిరి. మంచము నుండి కుర్చీకి తామే మారుట, తమ బట్టలు తామే కట్టుకొనుట అక్కడ రోగులకు నేర్పుచుండిరి. తరువాత అమెరికాలో న్యూయార్కు నగరమున హోవర్డు రస్కు అను వైద్యుని సంస్థలో చేరి ఆ శాస్త్రమును సంపూర్ణముగా అభ్యసించిరి. రస్కుగారు యుద్ధములో గాయపడిన వైమానికులను చూచి, పుండు మానుటతో వైద్యము ముగియదనియు, ఆ మనుష్యుడు తన యింటికిని తన పనికిని మరలువరకు అది సాగవలెననియు వాదించినవారు.

చక్రాల కుర్చీలో సముద్రములు దాటి పోయిన ఈ స్త్రీ అక్కడనే నిలిచిపోయిన యెడల ఎవరును తప్పు పట్టియుండరు. అక్కడి వీధులు నున్ననివి, ఇక్కడివి గుంటలు. అయినను ఆమె తిరిగి వచ్చి, 1963లో వేలూరు కళాశాలలో భౌతిక వైద్య, పునరావాస శాఖకు అధిపతి అయిరి. ఆమె చరిత్రను డోరతీ క్లార్కు విల్సన్ అను రచయిత్రి ఆ సంవత్సరముననే ఇంగ్లీషులో గ్రంథముగా ప్రకటించెను. 1966లో రోగులు అక్కడనే బసచేసి నేర్చుకొనుటకు పునరావాస నిలయము తెరువబడెను. మన దేశమందు అట్టివాటిలో అది మొదటిది.

అక్కడ వైద్యుడొక్కడే పని చేయడు. వ్యాయామము చేయించువారు, చేతిపనులు నేర్పువారు, కృత్రిమ అవయవములు చేయువారు, ఇంటివారితో మాటలాడువారు, అందరును ఒకే రోగిచుట్టు కూడవలెను. ఏలయనగా న్యూయార్కులో నేర్చినదంతయు మన పల్లెకు అట్లే సరిపడదు. అక్కడ వంట నిలిచి చేయుదురు. ఇక్కడ నేలమీద కూర్చుండి చేయుదురు. అక్కడ మరుగుదొడ్డి గదిలోనే. ఇక్కడ చాలకాలము పొలము గట్టు వెంట. గడప ఎత్తు ఎంత, బావి ఎంత దూరము, ఇతనికి ఏ పని వచ్చును, ఆ పనిలో నిలువబడి చేయునదెంత, కూర్చుండి చేయునదెంత అని అడిగి తెలిసికొనక, ఆరు నెలల చికిత్స చేసి పంపిన యెడల, అతడు మంచము పట్టి పుండ్లతో తిరిగి వచ్చును.

ఈ ప్రశ్నలే పిమ్మట ఆసుపత్రి గోడలు దాటి కార్ఖానాలలోనికిని కచేరీలలోనికిని వచ్చినవి. 1968లో వికలాంగుల వృత్తి పునరావాస కేంద్రములు మొదట బొంబాయిలోను మన హైదరాబాదులోను ఏర్పడెను. 1995లో చట్టము వచ్చెను. 2016లో వచ్చిన క్రొత్త చట్టము 21 విధముల వైకల్యములను లెక్కించి, ప్రభుత్వోద్యోగములలో నూటికి నాలుగు ప్రత్యేకించెను. కొలువులో నుండగా వైకల్యము పొందిన ప్రభుత్వోద్యోగిని తీసివేయరాదని ఈ రెండు చట్టములును చెప్పుచున్నవి. ముప్పది యేండ్లైనను నిండకమునుపే కాళ్లు పోగొట్టుకొనిన మేరీగారిని 1954లో కాపాడుటకు అట్టి చట్టమేదియు లేదు. నేడు పై అధికారులను కూర్చుండబెట్టి, పనిని భాగములుగా విడదీసి చూచుట, బల్లను తలుపును సరిచేయుట, వికలాంగునితో సమానునిగా మాటలాడుట నేర్పువారున్నారు. వేలూరులో ఇది అంతయు పేరు లేకుండనే జరిగినది.

1972లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుదమిచ్చెను. దేహము మాత్రము అలసిపోవుచుండెను. కుర్చీలో కూర్చుండుటయే ఒక శ్రమయని కూర్చుండువారికే తెలియును. ఆమె 1986 డిసెంబరులో, అరువదియొకటవ యేట నిద్రించిరి. ఆమె అధిపతిగా నడిపిన శాఖవారు ఏటేటా పునరావాస మేళా యని ఒకటి జరుపుదురు. వెన్ను దెబ్బ తగిలి తమయొద్ద నేర్చుకొని పోయినవారిని మరల పిలిచి, పుండ్లున్నవా, మూత్రపిండములు బాగున్నవా, చక్రములు అరిగినవా అని పరీక్షించి, ఇంటియొద్ద ఏమి పని చేయుచున్నారో అడిగి తెలిసికొందురు.