పనివారి మనస్సు గెలిచిన యజమాని

జార్జి కాడ్బరీ 1839లో ఇంగ్లాండు దేశపు బర్మింగ్‌హాము పట్టణమున ఒక క్వేకరు కుటుంబములో పుట్టెను. 1861లో తండ్రి తన కోకో వ్యాపారమును అతనికిని అన్న రిచర్డుకును అప్పగించెను. అప్పటికే అది పడిపోవుచుండెను. పనివారు పదిపన్నెండు మందే మిగిలియుండిరి. అన్నదమ్ములు తల్లివలన వచ్చిన సొమ్ము చెరి 4,000 పౌన్లు అందులో పెట్టిరి.

ఆ సొమ్ము కరిగిపోవుచుండగా జార్జి మొదట తన ఖర్చునే తగ్గించుకొని, ఏడాదికి సుమారు 25 పౌన్లతో సరిపెట్టుకొనెను. ఉదయమున పనివారితో కూడి వాక్యము చదివి ప్రార్థించు అలవాటు నెలకొల్పెను. శనివారము ఒంటిపూట సెలవిచ్చెను. యజమాని పడు కష్టమును పనివారు కన్నులార చూచిరి; మనసుపెట్టి పనిచేసిరి. 1866లో పిండి కలుపని కోకో పొడి అమ్మకమునకు రాగా వ్యాపారము నిలద్రొక్కుకొనెను.

1879లో పట్టణపు పొగకు దూరముగా బోర్న్‌విల్లులో కర్మాగారము కట్టిరి. 1895 మొదలు జార్జి అక్కడ పనివారికిని ఇతరులకును తోటలుగల ఇండ్లు కట్టించి, 1900లో ఆ గ్రామమును ధర్మనిధికి అప్పగించెను. 1922లో ప్రభువునందు నిద్రించెను.

మనలో చిన్న అంగడి గలవారును, ఇద్దరు కూలీలతో సేద్యము చేయువారును కలరు. నష్టము వచ్చిన నెలలో మొదట ఎవరి పళ్లెములో అన్నము తగ్గుచున్నది? కొలొస్సయులకు 4:1 చదివి, ఈ మాట ఇంటిలో ఆలోచించుడి.