జార్జి పార్కరు

రాజ్యములను గెలిచినవారి చరిత్రములును, శాస్త్రములను శోధించినవారి చరిత్రములును మనము పెక్కులు చదివియున్నాము. కుటుంబమువారందఱు కూడి ఆడుకొను ఆటలను కల్పించుటయే వృత్తిగా గైకొని పేరు గాంచినవారు మిక్కిలి అరుదు. అట్టివారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశీయుడగు జార్జి పార్కరు. ఈయన పాఠశాలలో చదువుచుండగనే తన వ్యాపారమును ఆరంభించెను గావున ఈయన చరిత్రము విద్యార్థులు తెలిసికొనదగినది.

జార్జి 1866వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన మసాచుసెట్సు రాష్ట్రములోని సేలం పట్టణమున జన్మించెను. అన్నదమ్ములు మువ్వురలో ఇతడు కడపటివాడు. బాల్యముననే తండ్రి గతించెను. కుటుంబమునకు పూర్వపు కలిమి లేకుండెను. పత్రికారచయిత కావలెనని ఈ బాలుని కోరిక.

ఆ కాలమున అచటి ఇంటి ఆటలు పెక్కులు నీతిబోధకై ఏర్పడినవి. 1843లో సేలం పట్టణముననే ప్రకటింపబడిన ఆనందసౌధమను ఆట మన వైకుంఠపాళిని బోలినది. అందు సద్గుణపు గడిలో పడినవాడు ముందునకును, దుర్గుణపు గడిలో పడినవాడు వెనుకకును పోవును. ఆట మొదట ఉల్లాసము కలిగింపవలెనని జార్జి అభిప్రాయము. అందుచే అతడు 1883లో, తన పదునాఱవయేట, బ్యాంకింగు అను పేర ఒక చీట్ల ఆటను కల్పించెను. అందు 160 చీట్లు కలవు. ఆడువారు బ్యాంకునుండి అప్పు తీసికొని వ్యాపారమున ఒడ్డుదురు. చీటి తీసినపుడు లాభమో నష్టమో తేలును. తుదకు ఎక్కువ ధనము గలవాడు గెలిచినవాడు.

స్నేహితులకు ఆ ఆట నచ్చెను గాని, బోస్టను నగరమున ఇద్దఱు ప్రచురణకర్తలు దానిని నిరాకరించిరి. అంతట అన్నయగు చార్లెసు ప్రోత్సాహమున జార్జి తానే దానిని అచ్చొత్తింప నిశ్చయించెను. తోటలలో చిన్న పండ్లు కోసి అమ్మి కూడబెట్టిన 50 డాలర్లు అతనివద్ద ఉండెను. అందు 40 డాలర్లు వెచ్చించి 500 ప్రతులు తయారు చేయించెను. ప్రధానోపాధ్యాయుని అనుమతితో మూడు వారములు సెలవు పొంది, ఊరూర తిరిగి దుకాణదారులకు వానిని అమ్మెను. కొలది ప్రతులు తప్ప అన్నియు చెల్లిపోయెను. సుమారు 100 డాలర్లు లాభము చిక్కెను.

ఇచట ఒక విశేషము గమనింపవలెను. అతని ఆటలో అందఱును అప్పు చేసి ఒడ్డువారే. అతడు మాత్రము నిజజీవితమున తన కష్టార్జితమునే ఒడ్డెను. అదియైనను పోయినచో తాను భరింపగలిగినంత మాత్రమే. పది డాలర్లు చేత నుంచుకొనెను. ఆటకును బ్రతుకునకును గల భేదమును ఆ బాలుడు ఎఱిగియుండెను.

1888లో చార్లెసు అతనితో కలిసెను. వారి సంస్థకు పార్కరు బ్రదర్సు అను పేరు వచ్చెను. కొంతకాలమునకు మఱియొక యన్న ఎడ్వర్డును చేరెను. 1903లో టొపీకా నగరమున గావిట్ అను ముద్రాపకుడు రైలు కంపెనీల షేర్లను చీట్లపై ముద్రించి షేరు బజారు ఆటను ప్రకటించెను. మఱుసటి సంవత్సరము పార్కరు సంస్థ ఆ తీరుననే పిట్ అను ఆటను వెలువరించెను. ఇది షికాగో ధాన్యపు విపణికి ప్రతిబింబము. గోధుమ, యవలు, మొక్కజొన్న మొదలగు సరకులకు ఒక్కొక్కదానికి తొమ్మిదేసి చీట్లు. ఆడువారు వంతులు లేక ఒక్కుమ్మడిగా కేకలు వేయుచు, సరకు పేరు చెప్పక, ఎన్ని చీట్లు ఇత్తురో ఆ సంఖ్యనే చాటి మార్చుకొందురు. ఒకే సరకు చీట్లు తొమ్మిదియు చేజిక్కించుకొన్నవాడు గెలుచును.

అపుడు పెక్కు క్రైస్తవ కుటుంబములు రాజు, రాణి బొమ్మలుగల పేకను జూదపు చిహ్నముగా నెంచి ఇంటికి రానీయకుండెను. వారికొఱకు 1906లో బొమ్మలకు మాఱుగా రంగులును అంకెలును గల రూక్ అను ఆట వెలువడెను. అది విశేషముగా వ్యాపించెను.

ఆయన చరిత్రమున ఒక మచ్చయు కలదు. 1935లో సంస్థ మొనాపలీ అను ఆటను గ్రహించి అపారధనము గడించెను. దానికి మూలమగు భూస్వామి ఆటను, భూమి అద్దెలవలని అన్యాయమును చూపుటకై, ఎలిజబెత్ మేగీ అను స్త్రీ కల్పించి 1904లో పేటెంటు పొందియుండెను. ఆమెకు 500 డాలర్లు మాత్రమే ముట్టెను. ఆమె పేరు పెక్కేండ్లు మఱుగుపడెను. న్యాయమైన బేరమునకును చట్టబద్ధమైన బేరమునకును దూరమెంతయో దీనివలన తెలియుచున్నది.

పార్కరు 1952 సెప్టెంబరులో మరణించెను.

విద్యార్థులారా! మన హైదరాబాదున షేరు బజారు 1943లో ఏర్పడి 2007లో గుర్తింపు కోల్పోయెను. నేడు షేరు బజారునకు ప్రత్యేక భవనముతో పనిలేదు. ఉప్పలు మెట్రో బండిలో కూర్చున్నవానికిని, నాచారము కర్మాగారమునుండి ఇంటికి మరలువానికిని అది చేతిలోని ఫోనుననే కలదు. చూచుటకు ఆటవలెనే యుండును. కాని 2024 సెప్టెంబరున సెబీ ప్రకటించిన లెక్కలనుబట్టి, అంతకు ముందటి మూడు ఆర్థిక సంవత్సరములలో ఫ్యూచర్సు, ఆప్షన్సు వ్యాపారము చేసిన కోటికి పైబడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. ఒక్కొక్కనికి సగటున సుమారు రెండు లక్షల రూపాయలు పోయెను. ఇది నాచారమున కూలిపని చేయు కుటుంబమునకు సంవత్సరపు భుక్తి.

చీట్ల ఆటలో ఓడినవాడు చీట్లు కలిపి మరల పంచుకొనును. నిజమైన అప్పు అట్లు కలిసిపోదు. దానిని తల్లిదండ్రులు తీర్పవలసివచ్చును. కావున ఇంట అందఱతో కూడి ఆటలాడుడు. హెచ్చుతగ్గుల స్వభావమును అచటనే నేర్చుకొనుడు. ధనమును ఒడ్డవలసిన కాలము వచ్చినపుడు, పండ్లు కోసి కూడబెట్టిన సొమ్ములో పది డాలర్లు మిగుల్చుకొన్న ఆ పదునాఱేండ్ల బాలుని తలచుకొనుడు.