భయానికి లొంగని కవిరాజు

మన గుడివాడకు సమీపాన గల అంగలూరులో 1887వ సంవత్సరంలో ఒక రైతు కుటుంబాన త్రిపురనేని రామస్వామి చౌదరి గారు జన్మించారు. బందరు నోబుల్ కళాశాలలో చదివి, పిదప ఐర్లండు వెళ్లి డబ్లిన్ నగరంలో న్యాయశాస్త్రం అభ్యసించారు. బారిస్టరుగా తిరిగివచ్చి తెనాలిలో స్థిరపడి, ఆ పట్టణ పురపాలక సంఘానికి అధ్యక్షులయ్యారు. ఆంధ్రదేశం ఆయనను 'కవిరాజు' అని గౌరవించింది.

పాలకులు భయంతో ప్రజలను ఎట్లా అణచి ఉంచుతారో ఆయన నాటకాలలో మనం చూడగలం. 1920 నాటి 'శంబుక వధ'లో శూద్రుడైన శంబుకుడు తపస్సు చేయడమే నేరమవుతుంది. అతనిని విడిచిపెడితే రాజ్యానికే కీడు మూడుతుందన్న భీతిని పెద్దలు కల్పిస్తారు. వారిని కాదనలేక రాముడు వధకు పూనుకొంటాడు. అనగా దండించే రాజు కూడా భయపడినవాడే! 'ఖూనీ' నాటకంలోని వేనరాజు అట్లా లొంగలేదు, ప్రాణమే కోల్పోయాడు. పురాణం శిక్షగా చెప్పినదానిని ఈ న్యాయవాది ఖూనీ అన్నారు. పేరులోనే తీర్పు చెప్పారు. లొంగినవానికి సింహాసనం, లొంగనివానికి మరణం – భయం నడిపే రాజ్యనీతి ఇదేనని రెండు నాటకాలను కలిపి చదివితే మనకు బోధపడుతుంది.

అర్థం తెలియని మాటకు తలవంచడమే భయానికి మొదటి మెట్టు. అందుకే కాబోలు, ఆయన పెండ్లి తంతును సైతం అందరికీ అర్థమయ్యే తెలుగులో 'వివాహ విధి'గా రచించారు.

కవిరాజు 1943లో కన్నుమూశారు. ఆయన అభిప్రాయాలన్నిటితో మనం ఏకీభవించనక్కరలేదు. కాని ఎవరైనా మనలను భయపెట్టినప్పుడు, ఆ భయం వలన లాభం ఎవరికి అని అడగడం విద్యార్థిలోకం ఆయన నుండి నేర్వదగిన పాఠం.