మా గోడ మీది యశోదమ్మ

నరసాపురంలో మా పెంకుటింట్లో ఉన్నది ఒకే ఒక్క పటం. యశోదమ్మ, పక్కన కిట్టయ్య. దాని కిందే మా అమ్మ కాళ్ళు బారజాపుకుని లేసు అల్లేది, ఒళ్ళో మా చెల్లి. ఆ పటం రవివర్మ బొమ్మకి నకలని, ఆ నకలుకి ఇంకో నకలని నాకు పాతికేళ్ళొచ్చేక గానీ తెలీలేదు.

రాజా రవివర్మ 1848లో కేరళలోని కిళిమానూరులో పుట్టేడు. జమీందారీ ఇల్లు, ఆకలి తెలీని పుట్టుక. అయినా తైలవర్ణాలు నేర్చుకోడానికి మాత్రం తంటాలు పడ్డాడు. కొలువుకొచ్చిన జెన్సన్ అనే దొర తను గీస్తుంటే చూడనిచ్చేడు గానీ నేర్పలేదు. చూసి చూసి, చెడగొట్టుకుని, సొంతంగా పట్టేసేడు. బడి వెనక బెంచీ కూడా దక్కని నాలాటోడికి ఈ ముక్క దగ్గర ఆయన మీద ప్రేమ పుట్టింది. 1873లో మద్రాసులోనూ, వియన్నాలోనూ బహుమతులొచ్చేయి. ఆ తర్వాత రాజులే ఆయన కోసం కబురెట్టేరు.

1893లో ఓ తల్లీబిడ్డల బొమ్మ గీసేడు. కూతురు మహాప్రభ, ఆమె చంకలో బిడ్డ. అదుగో నాన్నొస్తున్నాడని తల్లి చూపిస్తున్నట్టుంటుంది. ఆ నాన్న మాత్రం బొమ్మలో లేడు. తమాషా ఏటంటే, అప్పట్లో వాళ్ళలో బిడ్డ తల్లి ఇంటి మనిషి, వంశమూ ఆస్తీ తల్లివైపు నుంచే. అలాంటి చోట మొగుడి కోసం ఎదురుచూసే ఆడమనిషిని గీసేడాయన. మన గోడలకెక్కిన అమ్మలందరూ ఆ చూపే చూస్తారు. పట్టుచీర, నగలు, చేతికి మట్టంటదు. మన రేవులో చేపల తట్ట దించే తల్లి ఏ పటంలోనూ కనపడదు. ఇది నాకు కోపమే.

కానీ 1894లో బొంబాయిలో జర్మనీ యంత్రాలతో అచ్చుకూటం పెట్టేడు. అంతకుముందు కోటల్లో ఉన్న బొమ్మ చవగ్గా మనిళ్ళకొచ్చేసింది. ఆయన పుట్టిన తిరువాన్కూరులో అన్ని కులాలకీ గుడి తలుపు తీసింది 1936లో. దేవుడి పటం అంతకన్నా ముందే గడప దాటేసింది. ఇది కాదనలేను. మన రాజమండ్రి దామెర్ల రామారావు కూడా గొప్పోడే, 1925లో 28 నిండకుండానే పోయేడు. ఆయన బొమ్మలు గ్యాలరీలో ఉన్నాయి గానీ మన గోడల మీదకి రాలేదు, అచ్చు తేడా అది.

అచ్చుకూటం అప్పుల్లో పడి జర్మన్ మనిషి చేతికెళ్ళింది. కూడా ఉండి గీసిన తమ్ముడు 1905లో పోయేడు. మరుసటేడు అక్టోబరులో ఈయనా పోయేడు.

మా అమ్మకి చదువు రాదు. దళారి చెప్పే లేసు లెక్కకీ ఆమె లెక్కకీ ఎన్నడూ పొంతన కుదిరేది కాదు. అమ్మ పోయేక సున్నం వేద్దామని ఆ పటం దించేం. వెనక గోడంతా బొగ్గుతో గీసిన గీతలు, అయిదేసి చొప్పున.