మూసలో ఒదగని మన జిల్లా బిడ్డ బి.ఎన్.రెడ్డి



ఈ హాస్టల్లో పదో తరగతి దాకా చదివి, పై చదువులకు బయటి జిల్లాలకు పోయిన మా అందరికీ ఒక అనుభవం ఉంది. కొత్త కాలేజీలో మొదటిరోజు మీది ఏ ఊరని అడుగుతారు. జమ్మలమడుగు అంటాం. అదెక్కడుందంటారు. కడప జిల్లా అంటాం. వెంటనే ఎవరో ఒకరు మా ట్రంకుపెట్టె వైపు చూసి, లోపల బాంబులేమైనా ఉన్నాయా అని నవ్వుతారు. నిజానికి ఆ పెట్టెలో ఉండేది రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, అమ్మ కట్టిచ్చిన చెనిక్కాయల ఉండలు. మొదట్లో మేమూ వాళ్ళతోపాటు నవ్వేవాళ్ళం. కొన్నాళ్ళకు కోపం వచ్చేది. ఇంకొన్నాళ్ళకు మాలో కొందరు ఆ మాటకు తగ్గట్టే మీసం మెలేసి, గొంతు పెంచి మాట్లాడటం మొదలుపెట్టారు. ఎగతాళి కంటే అదే పెద్ద నష్టమని ఇప్పుడు తెలుస్తోంది.

అలా అడిగినవాళ్ళు కడపను ఎన్నడూ చూసినవాళ్ళు కాదు. వాళ్ళు చూసింది సినిమాలు. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చింది. 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర', 'చెన్నకేశవరెడ్డి' వచ్చాయి. ఒక సినిమా ఆడిందంటే దాని అచ్చులోనే పది సినిమాలు పోతపోయడం పరిశ్రమకు అలవాటు. ఇటుకల బట్టీలో పనిచేసే ఇళ్ళ నుంచి వచ్చిన మాకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. మూస ఒకటే అయితే ఇటుకలన్నీ ఒకటే. అట్లా సీమ అంటే వరుసగా వచ్చే సుమోలు, లేచే దుమ్ము, ఎగిరే కొడవళ్ళు అని స్థిరపడిపోయింది.

అందుకే ఈ ఏడాది సంచికలో ఎవరి జీవితం రాద్దామని కూర్చున్నప్పుడు మేమంతా ఒకే పేరు అనుకున్నాం. సినిమా మూసల్ని తెలిసి తెలిసి పక్కన పెట్టినవాడు, అదీ మన పులివెందుల వైపు పుట్టినవాడు ఒకాయన ఉన్నాడు. ఆయనే బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి గారు. లోకానికి బి.ఎన్.రెడ్డి.

కొత్తపల్లె నుంచి మద్రాసుకు

ఇక్కడ బస్సెక్కి ముద్దనూరు మీదుగా పోతే పులివెందుల వస్తుంది. ఆ తాలూకాలోని కొత్తపల్లెలో 1908 నవంబరు 16న బి.ఎన్.రెడ్డి గారు పుట్టారు. వ్యవసాయం, వ్యాపారం ఉన్న కుటుంబం. ఆ కుటుంబం మద్రాసు చేరింది. అక్కడ అన్నదమ్ములు కలిసి బి.ఎన్.కె. ప్రెస్ అనే అచ్చాఫీసు నడిపారు. మనలో చాలామంది లైబ్రరీ బీరువాలోంచి తీసి చదివిన పాత 'చందమామ'లు 1947 తర్వాత ఆ ప్రెస్సులోనే అచ్చయ్యాయి. 'చందమామ' స్థాపించిన బి.నాగిరెడ్డి గారు ఈయన తమ్ముడే.

అప్పటి సినిమా ఎలా ఉండేదో కొంచెం చెప్పుకోవాలి. తెలుగులో మొదటి పూర్తి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైంది. తీసింది హెచ్.ఎం.రెడ్డి గారు. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు వచ్చినవి ఎక్కువగా పురాణాలే. జనానికి కథ ముందే తెలుసు. నాటకాల్లోని పద్యాలు, నాటకాల్లోని నటులు, నాటకాల్లోని వేషాలే తెరమీదికీ వచ్చాయి. ఖర్చు పెట్టేవాడికి ధైర్యం, చూసేవాడికి పుణ్యం. మూస అనేది ఊరికే పుట్టదు. ఇద్దరికీ లాభం ఉన్నప్పుడే అది నిలబడుతుంది.

1936లో 'ప్రేమ విజయం' వంటి సాంఘిక ప్రయత్నాలు మొదలయ్యాయి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం గారు 'మాలపిల్ల' తీసి, అంటరానితనం గురించి తెరమీద మాట్లాడించారు. అదే ఏడాది హెచ్.ఎం.రెడ్డి గారు రోహిణీ సంస్థలో 'గృహలక్ష్మి' తీశారు. బి.ఎన్.రెడ్డి గారు సినిమా పని నేర్చుకున్నది ఆ చిత్రం దగ్గరే. చిత్తూరు నాగయ్య గారు తొలిసారి తెరమీద కనిపించిందీ అందులోనే.

ఆ తర్వాత బి.ఎన్. బయటికొచ్చి వాహినీ సంస్థ పెట్టారు. తాడిపత్రి వైపు వ్యాపారస్థుడు మూలా నారాయణస్వామి గారు అండగా నిలిచారు. కెమెరాకు రామ్‌నాథ్, కళకు ఎ.కె.శేఖర్, మాటలకు సముద్రాల రాఘవాచార్య, నటనకూ పాటకూ నాగయ్య. తర్వాత 'మాయాబజార్' తీసిన తాడిపత్రి బిడ్డ కె.వి.రెడ్డి గారు కూడా ఆ గుంపులోనే ఉండి పని నేర్చుకున్నారు.

పేరు దేవుడిది, కథ మనిషిది

1939లో మొదటి చిత్రం 'వందేమాతరం' వచ్చింది. హీరో రాజు కాదు, రాముడు కాదు. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రవాడు. డిగ్రీ చేతిలో పెట్టుకుని తిరిగిన మా సీనియర్లు ఎందరికో ఆ కథ ఇప్పటికీ తమదే అనిపిస్తుంది. 1940లో 'సుమంగళి'. వితంతువుల పెళ్ళి గురించి. 1941లో 'దేవత'. ఈ పేరు విని జనం ఏ అమ్మవారి సినిమానో అనుకుని ఉంటారు. కానీ ఇందులో దేవత ఒక పనిమనిషి. ఇంటి యజమాని మోసం చేస్తే కష్టాలు పడిన ఆడపిల్ల. దేవుళ్ళ సినిమాల కాలంలో దేవత అనే పేరు తీసుకెళ్ళి అంట్లు తోమే అమ్మాయికి ఇచ్చారు. మా అమ్మల్లో పదిమంది ఇళ్ళల్లో పనిచేసి మమ్మల్ని చదివించినవాళ్ళున్నారు. అందుకని ఈ ఒక్క పేరు మాకు ఆయన అవార్డులన్నిటికంటే ఎక్కువ.

1945లో 'స్వర్గసీమ'. పేరు మళ్ళీ పురాణంలా ఉంటుంది. కథ మాత్రం పట్నంలో నాటకాల లోకానిది. వీధుల్లో ఆడిపాడే అమ్మాయి పెద్ద నటి అవుతుంది, ఒక సంసారి ఆమె వెంట పడి ఇల్లు మరుస్తాడు. భానుమతి గారికి గొప్ప పేరు తెచ్చిన పాత్ర అది. ఘంటసాల గారు సినిమాకు తొలిసారి గొంతు ఇచ్చింది కూడా ఇందులోనే. అయితే ఒకటి ఒప్పుకోవాలి. చివరికి మగవాడు ఇల్లాలి దగ్గరికే చేరాలన్న ఆనాటి సాంఘిక చిత్రాల పద్ధతిని ఆయనా దాటలేదు. అన్నీ తెంచేసిన మనిషి అని చెబితే అది అబద్ధమవుతుంది.

ఒకే ఏడాది, ఒకే హీరో, రెండు దారులు

1951 సంవత్సరాన్ని తమ్ముళ్ళు గుర్తుపెట్టుకోవాలి. ఆ ఏడాది మార్చిలో నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా సంస్థ నుంచి 'పాతాళభైరవి' వచ్చింది. దర్శకుడు కె.వి.రెడ్డి. డిసెంబరులో వాహినీ నుంచి 'మల్లీశ్వరి' వచ్చింది. దర్శకుడు బి.ఎన్. రెండింటిలోనూ హీరో ఎన్.టి.రామారావు గారే. అంటే ఇటు అన్న సినిమా, అటు తమ్ముడి సినిమా.

'పాతాళభైరవి' జానపదానికి ఉండాల్సినవన్నీ ఉన్న సినిమా. సాహసం చేసే తోటరాముడు, రాకుమారి, మాంత్రికుడు, కోరింది ఇచ్చే బొమ్మ. మూసను అంత బాగా వాడుకున్న సినిమా అరుదు. తర్వాత వచ్చిన జానపదాలకు అదే బాటయింది. కాబట్టి మూస అంటేనే తప్పు అని మేము చెప్పడం లేదు. బాగా చేసినవాడి చేతిలో అదీ గొప్పదే.

'మల్లీశ్వరి' వేరే దారి. చరిత్ర సినిమా అంటే రాజు మధ్యలో ఉండాలి. యుద్ధాలు, సభలు, పొగడ్తలు ఉండాలి. ఇందులో శ్రీకృష్ణదేవరాయలు ఒక వానరాత్రి సత్రంలో మారువేషంలో కనబడతాడు. నాగరాజు సరదాకు, మా మల్లికి పల్లకీ పంపించండని అనేస్తాడు. రాజు దాన్ని నిజంగా పంపిస్తాడు. నాగరాజు సంపాదన కోసం ఊరు విడిచిన సమయంలో పల్లకీ వచ్చి మల్లిని రాణివాసానికి తీసుకుపోతుంది. ఇందులో విలన్ ఎవరు? రాజు మంచివాడే. ఇచ్చింది వరమే. ఆ వరమే పిల్ల పాలిట పంజరమయింది. పెద్దవాళ్ళు దయతో చేసిన పని కూడా, అవతలి మనిషిని అడక్కుండా చేస్తే ఎంత బాధ పెడుతుందో ఈ కథ చెబుతుంది. చివర రాజు క్షమించి ఇద్దరినీ కలిపేస్తాడు. అక్కడ మాత్రం పాత పద్ధతినే ఉంచారు. ఏది వదలాలో, ఏది ఉంచుకోవాలో ఆయనకు తెలుసు.

పాటలకు దేవులపల్లి కృష్ణశాస్త్రి గారిని సినిమాకు తెచ్చింది ఈ చిత్రమే. సాలూరి రాజేశ్వరరావు, అద్దేపల్లి రామారావు గార్ల సంగీతం. చైనాలో కూడా ప్రదర్శించారు. కానీ తీయడానికి చాలా కాలం పట్టింది, అనుకున్నదానికంటే ఎక్కువ ఖర్చయింది. వాహినీ స్టూడియో నిర్వహణ నాగిరెడ్డి గారి చేతికి వెళ్ళి, విజయా-వాహినీ పేరుతో ఆసియాలోనే పెద్ద స్టూడియోల్లో ఒకటిగా పెరిగింది. మూసను కాదన్నవాడు ఖరీదు కట్టాల్సి వస్తుంది. బి.ఎన్. కట్టారు.

పగను ఆపిన పాప

మేము అందరికంటే ఎక్కువగా చెప్పాలనుకున్న సినిమా 1955లో వచ్చిన 'బంగారుపాప'. జార్జ్ ఎలియట్ అనే ఇంగ్లీషు రచయిత్రి నవల 'సైలాస్ మార్నర్' దీనికి ఆధారం. పాలగుమ్మి పద్మరాజు గారు రచనలో పాలుపంచుకున్నారు. 'పాతాళభైరవి'లో మాంత్రికుడిగా భయపెట్టిన ఎస్.వి.రంగారావు గారికి ఇందులో ప్రధాన పాత్ర. అప్పటికి హీరో అంటే అందగాడు, పాటలు పాడేవాడు. ఇక్కడ కథంతా మొరటు మనిషి కోటయ్యది. చేయని నేరానికి జైలుకు పోయి వస్తాడు. తనకు అన్యాయం చేసినవాళ్ళను చంపాలని గాలివాన రాత్రి బయలుదేరతాడు. దారిలో ఒక పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుంది. ఆ బిడ్డను ఎత్తుకున్న చేయి మళ్ళీ కత్తి ఎత్తలేకపోయింది.

ఇప్పుడు ఫ్యాక్షన్ సినిమా మూసను పక్కన పెట్టి చూడండి. మొదటి సగంలో హీరో ఎక్కడో తలవంచుకుని బతుకుతుంటాడు. ఇంటర్వెల్ దగ్గర ఆయన ఎవరో తెలుస్తుంది. వెనక కథలో తండ్రి పగ కొడుకుకు ఆస్తిలాగా వస్తుంది. ఆ కొట్లాటల్లో పేరు కూడా లేకుండా పడిపోయేవాళ్ళు ఎవరు? పెద్దయ్య ఇంటి ముందు కొడవలి పట్టుకుని నిలబడ్డ కూలివాళ్ళు. మా ఇళ్ళలాంటి ఇళ్ళవాళ్ళు. వాళ్ళకు కథ ఉండదు, భార్యాపిల్లలు ఉండరు. సీమలో ఫ్యాక్షన్ లేదని మేము అనము. దానివల్ల మనిషిని పోగొట్టుకున్న తల్లులు మన పల్లెల్లో ఉన్నారు. కానీ పగ చల్లారిన కథను ఈ నేల బిడ్డే 'సమరసింహారెడ్డి'కి 44 ఏళ్ళ ముందే తీశాడన్న సంగతి మన పెట్టెలు చూసి నవ్వినవాళ్ళకు తెలియదు. మాకూ అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే మీసం మెలేసే బదులు ఆ మాట చెప్పేవాళ్ళం. 2018లో 'అరవింద సమేత' అదే ఫ్యాక్షన్ కథలో నుంచి, కొట్లాట అయిపోయాక మిగిలిన ఆడవాళ్ళ సంగతేమిటని అడిగింది. మూస లోపలి నుంచే మూసను ప్రశ్నించడం కూడా ఒక దారి.

చివరి దాకా

1957లో 'భాగ్యరేఖ' తీశారు. 1960లో 'రాజమకుటం' తీసి, కత్తియుద్ధాల జానపదంలోనూ ఆయన చేయి పెట్టారు. 1964లో మునిపల్లె రాజు గారి నవల ఆధారంగా 'పూజాఫలం'. 1966లో 'రంగులరాట్నం'. పట్నం చేరిన ఒక కుటుంబంలో అన్నదమ్ములు ఎన్నికల్లో చెరో వైపు నిలబడే కథ. చంద్రమోహన్ గారు పరిచయమైంది అందులోనే. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా దానికే వచ్చింది. 1969లో 'బంగారు పంజరం' ఆయన చివరి చిత్రం. 30 ఏళ్ళలో తీసినవి 11 తెలుగు సినిమాలు. వాటిలో పౌరాణికం ఒక్కటి కూడా లేదు.

1974లో పద్మభూషణ్ వచ్చింది. అదే సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు కూడా వచ్చింది. దక్షిణ భారతదేశంలో దాన్ని మొట్టమొదట అందుకున్నది మన పులివెందుల బిడ్డే. తర్వాత 1986 సంవత్సరానికి తమ్ముడు నాగిరెడ్డి గారికీ అదే అవార్డు దక్కింది. మూసను వాడుకున్న తమ్ముడు, మూసను కాదన్న అన్న, ఇద్దరూ ఒకే గౌరవానికి చేరారు. 1977 నవంబరు 8న బి.ఎన్.రెడ్డి గారు కన్నుమూశారు.

తమ్ముళ్ళకు ఒక మాట. ఆయనకు కుటుంబం అండ ఉంది, ప్రెస్ ఉంది, డబ్బు పెట్టే స్నేహితులున్నారు. మనకు అవి లేవు. ఆయనలాగా అయిపోండని చెప్పడం తేలిక, అది న్యాయం కాదు. కానీ మన మీదా మూసలున్నాయి. సీమవాడు ఇంతే, హాస్టల్ పిల్లవాడు ఇంతే, ఈ కులంవాడు ఇంతవరకే చదువుతాడు అని కథ ముందే రాసి పెట్టినవాళ్ళున్నారు. ఆ కథలో మన వేషం మనమే కట్టుకుని ఆడటం మాత్రం వద్దు. ఈసారి కాలేజీలో ఎవరైనా మీ పెట్టె వైపు చూసి నవ్వితే, కోపపడకుండా పక్కన కూర్చోబెట్టుకుని కోటయ్య కథ చెప్పండి. చెనిక్కాయల ఉండ కూడా ఒకటి పెట్టండి.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థులు