కలకత్తా దుకాణం నుంచి కుమావూ కొండలకు: జిమ్ కార్బెట్ రైఫిల్

1907లో కుమావూ కొండల్లోని చంపావత్ వద్ద ఒక ఆడపులి నేలకొరిగింది. అది నేపాల్‌లో 200 మందిని, ఆ తరువాత కుమావూలో 236 మందిని పొట్టన పెట్టుకున్నదని అప్పటి లెక్క. దానిని చంపిన జిమ్ కార్బెట్‌కు సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జాన్ హ్యూయెట్ ఒక రైఫిల్‌ను బహూకరించారు. లండన్‌లోని రిగ్బీ కంపెనీ తయారుచేసిన ఆ .275 రైఫిల్, కలకత్తాలోని మాంటన్ కంపెనీ ద్వారా ఈ దేశానికి వచ్చింది. దాని చెక్క పిడికి బిగించిన వెండి ఫలకం మీద కార్బెట్ పేరు, చంపావత్ పేరు చెక్కి ఉన్నాయి.

వేటకూ, గురి పోటీకీ ఒకే తుపాకి సరిపోతుందా అన్నది తుపాకి పట్టినవారిలో పాత చర్చే. గురి పోటీలో నిలిచేవాడికి భుజాన్ని అదరగొట్టని తేలికపాటి తుపాకి, చూపుకు తిన్నగా సాగే తూటా కావాలి. పెద్దజంతువును ఎదుర్కొనేవాడికి బరువైన తూటా, వెంటనే పేలే రెండో గుండు కావాలి. ఈ రెండు అవసరాల మధ్య కార్బెట్ జీవితమంతా గడిచింది.

జేమ్స్ ఎడ్వర్డ్ కార్బెట్ 1875 జూలై 25న నైనితాల్‌లో జన్మించారు. తండ్రి అక్కడ పోస్ట్‌మాస్టరు. జిమ్‌కు ఆరేళ్లయినా నిండకముందే ఆయన మరణించారు. పెద్ద కుటుంబం, చాలీచాలని రాబడి. పిల్లవాడికి మొదట దొరికినవి ఉండేలు, విల్లంబులు. కుమావూ పక్షుల మీద పుస్తకం రాస్తున్న ఒక పెద్దమనిషి, పక్షులను సేకరించి తెచ్చే పనికి ప్రతిఫలంగా, మూతి వైపు నుంచి మందు దట్టించే పాత జంటగొట్టాల తుపాకి ఇచ్చాడు. అందులో ఒక గొట్టం పగిలిపోయింది. పిడికీ గొట్టాలకూ సంబంధం ఇత్తడి తీగతో చుట్టిన కట్టే. ఒకే గొట్టం పనిచేసే తుపాకితో, మళ్లీ మందు దట్టించేలోగా వేట మాయమవుతుంది. మొదటి గుండే చివరి గుండు అన్న లెక్క ఆ పిల్లవాడికి అక్కడే వంటబట్టి ఉండాలి.

పదేళ్ల వయసులో జిమ్ పాఠశాల క్యాడెట్ దళంలో చేరాడు. ఒకనాడు గురి పరీక్షను చూడటానికి వచ్చిన పెద్దలలో, తరువాతి కాలంలో ఫీల్డ్ మార్షల్ అయిన రాబర్ట్స్ కూడా ఉన్నారు. జిమ్ గురి చూసి ముచ్చటపడి, సైన్యం వాడే .450 మార్టినీ రైఫిల్‌ను ఆ పిల్లవాడికి ఎరువిచ్చారు. అది ఒక్కో తూటా చొప్పున నింపుకొనే బరువైన తుపాకి, పేల్చినప్పుడు భుజాన్ని గట్టిగా తన్నుతుంది. గురి మైదానంలో సంపాదించుకున్న ఆ తుపాకితోనే ఆయన తన మొదటి చిరుతను కొట్టాడు.

చదువు ముగిశాక బెంగాల్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేలో ఉద్యోగం, ఆపైన బీహారులో గంగ ఒడ్డున మొకామా ఘాట్‌లో సరకుల ఎగుమతి, దిగుమతుల కాంట్రాక్టు. ఏళ్లతరబడి సాగిన ఆ కాంట్రాక్టు జీవితం హౌరా ప్రధాన రైలు మార్గానికి చేరువలోనే గడిచింది. నరభక్షకి వార్త వచ్చినప్పుడే ఆయన కొండలకు వెళ్లేవారు. వేట ఆయనకు జీవనోపాధి కాదు.

ఆ రోజుల్లో కలకత్తా దేశానికి రాజధాని. మంచి రైఫిల్ కావాలంటే మాంటన్, రొడ్డా వంటి అక్కడి దుకాణాలే దిక్కు. ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. 1914 ఆగస్టు 26న రొడ్డా కంపెనీకి వచ్చిన సరకులోంచి 50 మౌజర్ పిస్తోళ్లనూ, 46,000 తూటాలనూ బెంగాల్ విప్లవకారులు తరలించుకుపోయారు. కార్బెట్ రిగ్బీ లోపలి యంత్రాంగం కూడా జర్మనీ మౌజర్ కర్మాగారపు పనితనమే.

రైఫిల్ ఎంపిక అప్పట్లో కేవలం అభిరుచికి సంబంధించినది కాదు, చట్టానికి కూడా సంబంధించినది. 1878 ఆయుధ చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి, ఐరోపా వారికి మినహాయింపు ఇచ్చింది. సైనిక తూటాలు తిరుగుబాటుదారుల చేతికి చిక్కుతాయన్న భయంతో .450 రైఫిళ్ల దిగుమతిని ప్రభుత్వం ఆపింది. సైన్యం వాడే .303ను ప్రజలకు దూరంగా ఉంచింది. కలకత్తా శివార్లలోని ఈశాపూర్ కర్మాగారం పౌరుల కోసం ఆ తరువాత .315 రైఫిల్‌ను తయారుచేయడానికీ కారణం ఇదే. పులి బారిన పడే కొండ పల్లెవాసికి ఇన్ని ఎంపికలు ఎక్కడివి? చంపావత్ వేటకు వచ్చిన 298 మందిలో లైసెన్సు లేని నాటు తుపాకులు తెచ్చినవారిని చూసీచూడనట్లు ఊరుకుంటానని తహసీల్దారు ముందే మాట ఇవ్వవలసి వచ్చింది. మందుగుండు కూడా ఆయనే సమకూర్చారు.

ఆ రోజు కార్బెట్ దగ్గర ఉన్నది .500 రైఫిల్, మూడే మూడు తూటాలు. మూడూ అయిపోయాయి, గాయపడ్డ పులి ఇంకా నిలిచే ఉంది. ఆయన పరుగున వెళ్లి తహసీల్దారు చేతిలోని తుపాకిని అందుకున్నారు. దాని గొట్టాలకూ వెనుక భాగానికీ మధ్య ఖాళీ ఉంది. తెరిచిన నోటికి గురిపెడితే గుండు వెళ్లి ముందరి పాదానికి తగిలింది. అప్పటికే తగిలిన తూటాలే పులిని పడగొట్టాయి. గురి తప్పని రైఫిల్ బహుమతిగా రావడంలోని సందర్భశుద్ధి ఈ ఘట్టం తెలిసినవారికే అర్థమవుతుంది.

.275 రిగ్బీ తూటా 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాయే. బరువు సుమారు 9 గ్రాములు. కార్బెట్ దగ్గర ఉన్న మరో తుపాకి .450/400 జంటగొట్టాల రైఫిల్. దాని తూటా బరువు దాదాపు 26 గ్రాములు, తుపాకి కూడా అంతకు తగ్గ బరువే. పెద్దపులికి రెండోదే తగినదని వేట పుస్తకాలు ఘోషించేవి. ఒక్క సూత్రానికి కట్టుబడని కార్బెట్ మాత్రం ఏ రోజు ఏది పట్టుకెళ్లాలో చోటును బట్టి తేల్చుకునేవారు.

64 మందిని చంపిన చౌగఢ్ పులుల కథ 1930 ఏప్రిల్ 11న ముగిసింది. ఆ రోజు ఒక లోయలో నడుస్తుండగా రాతి పక్కన కొద్ది అడుగుల దూరంలో ఆడపులి పడుకొని ఆయన్నే చూస్తూ కనిపించింది. ఆయన ఎడమ చేతిలో అప్పుడే ఏరుకున్న పక్షి గుడ్లు ఉన్నాయి. కుడి చేతిలోని రైఫిల్‌ను, కదులుతున్నట్టు పులికి తెలియనంత నెమ్మదిగా, దాదాపు వెనక్కి తిప్పి పేల్చారు. ఆ రోజు తేలిక రైఫిల్ చేతిలో ఉండడం వల్లనే బతికానని ఆయన తరువాత లెక్కగట్టారు. జంటగొట్టాల బరువును ఒంటి చేత్తో అలా తిప్పడం సాధ్యం కాదు. 1926 మే 2 రాత్రి, 125 మందిని తిన్న రుద్రప్రయాగ చిరుతను కొట్టినప్పుడు టార్చి వెలుగు లిప్తపాటే నిలిచింది. ఆ లిప్తలో గురి కుదరాలి. ఆ పని చేసినదీ .275.

1938 నవంబరులో ఠాక్ ఆడపులి వేట ఇందుకు భిన్నం. చీకటి పడుతున్న వేళ మగపులిలా అరిచి దానిని దగ్గరికి రప్పించారు. తొలి గుండుకే పడాలి, పడకపోతే రెండోది సిద్ధంగా ఉండాలి. జంటగొట్టాల రైఫిల్ రెండు గొట్టాలూ పేల్చారు. ఆ తన్నుకు తాను కూర్చున్న బండ మీదినుంచి జారి, కింద పొంచి ఉన్న తన మనుషుల మీద పడ్డారు. గురి మైదానానికి ఏమాత్రం పనికిరాని ఆ తుపాకి ఆ సాయంత్రానికి తగినది.

అప్పటికే ఆయన చేతిలో తుపాకి కన్నా కెమెరా ఎక్కువగా కనిపిస్తోంది. వినోదం కోసం పులులను చంపేవారిని ఆయన సహించలేకపోయారు. 1936లో హెయిలీ జాతీయ పార్కు ఏర్పాటుకు తోడ్పడ్డారు. ఇప్పుడది ఆయన పేరుతోనే ఉంది. 1944లో వెలువడిన కుమావూ నరభక్షకుల పుస్తకం ఆయనను ప్రపంచానికి పరిచయం చేసింది.

1947లో అక్క మ్యాగీతో కలిసి కెన్యాకు వెళ్లేముందు కొన్ని తుపాకులను అడవిలో పాతిపెట్టారు. రిగ్బీ మాత్రం ఆయనతోనే వెళ్లింది. 1955 ఏప్రిల్ 19న న్యేరిలో ఆయన మరణించారు. ఆయన ప్రచురణకర్తలైన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వద్ద దశాబ్దాలపాటు ఉన్న ఆ రైఫిల్‌ను 2015లో రిగ్బీ కంపెనీయే తిరిగి కొనుక్కుంది. మరుసటి ఏడాది దానిని కుమావూకు తీసుకువచ్చి అక్కడి పల్లెవాసులకు చూపించింది. వెండి ఫలకం ఇప్పటికీ పిడి మీద అలాగే ఉంది.