బిషప్ అజరయ్యగారి చివరి సంవత్సరములు

ఈ శతాబ్ది సంచికకు ఏదైన వ్రాయుమని సంపాదకులు కోరినప్పుడు నాకు మొదట జ్ఞాపకము వచ్చినది జగిత్యాలలో జరిగిన ఒక సాయంకాలపు బైబిలు పఠనము. ఆనాటి పాఠము సంఖ్యాకాండము 8వ అధ్యాయము. లేవీయులు యాబది ఏండ్లు నిండగానే గుడారపు సేవ మాని, తమ సహోదరులకు తోడుగా మాత్రము ఉండవలెనని అక్కడ నియమము కలదు. సిరిసిల్లలో ఏండ్ల తరబడి మగ్గము నేసి కండ్లు మసకబారిన ఒక పెద్దాయన, కొడుకు ఇంటికి వచ్చినవాడు, వెనుక వరుసలో నుండి లేచి, దేవుని పనికి గూడ పింఛను ఉంటదా అయ్యగారూ అని అడిగినాడు. అందరు నవ్వినారు. నేనును నవ్వి ఏదో జవాబు చెప్పి ప్రార్థనతో ముగించితిని. కాని ఆ రాత్రి కోరుట్ల బస్సులో కూర్చున్నప్పుడు ఆ ప్రశ్న నన్ను విడువలేదు. నాకు ఇంకను యాబది రాలేదు గనుక నవ్వగలిగితిని. ఆలోచించిన కొలది నా మనస్సు దోర్నకల్ అజరయ్య అయ్యగారి వైపు వెళ్ళినది.

వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతమందలి వెల్లాలన్‌విళై గ్రామములో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగంగారు ఆ గ్రామ సంఘ గురువు. చదువు తరువాత వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతయు తిరిగారు. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడుటకును, 1905లో సేరంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడుటకును ఆయన ముఖ్య కారకులు. ఇతరులను మిషనరీలుగా పొమ్మని చెప్పిన తాను ఇంటిపట్టున ఉండుట న్యాయము కాదని తోచి, 1909లో అభిషేకము పొంది, తమిళుడై యుండియు తెలుగు నేర్చుకొని, నిజాం రాజ్యములోని దోర్నకల్లుకు వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయన బిషప్పుగా ప్రతిష్ఠింపబడినప్పుడు వయస్సు 38 ఏండ్లు. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనే.

ఈ సంగతులు మనవారికి చాలమందికి తెలిసినవే. అంతగా తలంచనిది వేరొకటి ఉన్నది. ఆయన ప్రతిష్ఠను కొందరు మిషనరీలు ఎదిరించారు. తిరునెల్వేలిలోని స్వజనులలో సైతము సందేహించినవారు ఉన్నారు. భారతీయుడు ఒక డయోసిసును నడుపగలడా అను ప్రశ్న ఆ దినము మొదలు ఆయన వెంట నడిచినది. 1945 వరకు, అనగా 32 సంవత్సరములు, ఇండియాలో ఆంగ్లికన్ డయోసిసుకు అధిపతియైన భారతీయ బిషప్పు ఆయన ఒక్కరే. అట్టి మనిషికి అలసట వచ్చినప్పుడు దిగిపోవుట ఇతరులకు ఉన్నంత సులభము కాదు. దిగినయెడల అది ఒక్క మనిషి అలసటగా ఎవరును ఎంచరు.

ఆయనను ఈ పనికి ముందుకు తెచ్చిన మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్‌గారి సంగతి చూడండి. 1899 నుండి ఆ పీఠమునందుండి, సుమారు డెబ్బది ఏండ్ల వయస్సులో, 1922లో, తన పని అప్పగించి ఇంగ్లండు వెళ్ళిపోయారు. తరువాత ఇరువదియైదేండ్లు బ్రదికి 1947లో చనిపోయారు. మన వెస్లియన్ మిషనులో చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు 1895లో సికింద్రాబాదుకు వచ్చి, మెదకు దేవాలయమును కట్టించి, 1939లో సెలవు పుచ్చుకొన్నారు. ఇద్దరికిని తిరిగి వెళ్ళుటకు ఒక స్వదేశము ఉన్నది. అజరయ్యగారు ఎక్కడికి వెళ్ళవలెను? తిరునెల్వేలి విడిచి ముప్పది ఏండ్లు దాటినది. దోర్నకల్లే ఇల్లు, ఊరు, బంధువర్గము.

ఇక పని భారము చూతము. 1912లో ఆయన చేతికి వచ్చిన డయోసిసు చిన్నది. పిమ్మట కృష్ణా ప్రాంతపు సంఘములు కూడ కలిసినవి. దోర్నకల్ ప్రాంతపు విశ్వాసుల సంఖ్య 1912లో సుమారు 56 వేలు. 1941 నాటికి రెండు లక్షలు దాటినది. వారిలో అత్యధికులు మాల, మాదిగ పల్లెలవారు. వారి యొద్దకు పోవుటకు ఎద్దుబండియే గతి. బిషప్పు అనగా బల్ల యొద్ద కూర్చుండి సంతకములు చేయువాడని ఆయన తలంచలేదు. బాప్తిస్మము పొందినవారు తమ తలమీద తామే చేయి ఉంచుకొని, సువార్త చెప్పుట ఇక తమ పని అని ఒప్పుకొనవలెనని నేర్పించారు. మిషనరీకిని గురువుకును కట్టబెట్టిన పనిని కూలివాని చేతికి ఇచ్చిన క్రమమది.

1935లో ఎలియట్‌గారు సహాయ బిషప్పుగా ప్రతిష్ఠింపబడ్డారు. అజరయ్యగారికి అప్పుడు అరువది ఒకటవ ఏడు. భారములో కొంత ఇట్లు పంచబడినది గాని ప్రయాణములు తగ్గలేదు. 1937లో ఎడిన్‌బరోలో ఫెయిత్ అండ్ ఆర్డర్ మహాసభకు వెళ్ళారు. 1938 డిసెంబరులో తాంబరములో లోకమంతటి నుండి మిషనరీ నాయకులు కూడినారు. అది ముగిసిన కొద్ది దినములకే, 1939 జనవరి 6న, దోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్ ప్రతిష్ఠ జరిగినది. మన దేశపు గుడి, మసీదు శిల్పములు రెండును కలిసిన ఆ కట్టడమును ధనము చాలక ఏండ్ల తరబడి ఆపుచు కట్టుచు పూర్తిచేయించారు. అరువది నాలుగేండ్ల మనిషికి అదొక మంచి విరామ స్థలము. అక్కడ చేతికర్ర కింద పెట్టినయెడల ఎవరును తప్పు పట్టకపోదురు.

ఆయన పెట్టలేదు. కారణము, నాకు తోచినంతవరకు, సంఘముల ఐక్యత. 1919 మే నెలలో తరంగంబాడిలో ఆయనయు మిత్రులును కూడి మొదలుపెట్టిన ఆ పని ఇరువదేండ్లకును తెగలేదు. సంప్రదింపులు, సవరణలు, బిషప్పు పదవిని గూర్చిన వాదములు. అంతలో యుద్ధము వచ్చినది. ఇంగ్లండునుండి మిషనరీల రాకపోకలు కష్టమైనవి. మధ్యలో చేయి వదలిన ఓడ ఏమగునో అను భయము ఆయనకు ఉండియుండును.

ఆయనను నేను ఎంతో గౌరవింతును. అయినను ఒక మాట వ్రాయక తప్పదు. ఆయన తరువాత దోర్నకల్ పీఠమునకు వచ్చినది ఎలియట్‌గారే. భక్తుడు, పనివాడు, సందేహము లేదు, కాని మిషనరీ. ముప్పది రెండేండ్లు భారతీయ గురువులను ఇంతమందిని తయారుచేసిన మనిషి తరువాత, ఆ కుర్చీలో రెండవ భారతీయుడు వెంటనే కూర్చుండలేదు. నియామకము ఆయన ఒక్కరి చేతిలోనిది కాదని ఎరుగుదును. అయినను మోషే బ్రదికియుండగానే, సమాజమంతటి యెదుట, యెహోషువమీద చేతులుంచెను. అజరయ్యగారు 65వ ఏట దిగి, ఒక తెలుగు గురువు ప్రక్కన అయిదేండ్లు పెద్దన్నగా నిలిచినయెడల ఎట్లుండెడిదో అని నేను అనేక పర్యాయములు తలంచుకొంటిని. వేదాంత కళాశాలలో మాకు ఆయన విజయములే చెప్పినారు. ఈ ప్రశ్న ఎవరును అడుగలేదు, మేమును అడుగలేదు.

మరి యొక ప్రక్క నుండి చూచినయెడల, ఆయన దిగియుండిన తుది దశలో ఆ ఐక్యత పక్షమున ఆంగ్లికన్ సంఘములో మాట్లాడుటకు అంతటి మనిషి మరి యెవరున్నారు? ఈ రెండిటి మధ్య నాకు ఇంకను తీర్పు తెగలేదు.

చివరి అస్వస్థత దీర్ఘమైనది కాదు. 1945 జనవరి 1న, నూతన సంవత్సర దినమందు, దోర్నకల్లులోనే ఆయన ప్రాణము విడిచారు. వయస్సు 70 ఏండ్లు. ఆ నెలలోనే ఆంగ్లికన్ సంఘపు జనరల్ కౌన్సిలు ఐక్యతా ప్రణాళికను అంగీకరించినది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము ప్రారంభింపబడినది. దోర్నకల్ ఆంగ్లికనులును మన వెస్లియనులును ఆ దినము ఒక్క సంఘమైనారు.

తరువాత ఒకసారి నేను దోర్నకల్లులో రైలు దిగి కథీడ్రల్ ఆవరణమునకు వెళ్ళితిని. ఆయన సమాధి అక్కడే ఉన్నది. మధ్యాహ్నపు ఎండ. ఒక ముసలాయన వరండా ఊడ్చుచున్నాడు. ఎన్నేండ్లుగా ఈ పని చేయుచున్నావని అడిగితిని. లెక్క పెట్టలేదని చెప్పి, చీపురు ఆపకయే, చెప్పులు బయట విడువుమని నాకు సైగ చేసినాడు.